మక్బూల్ సార్ చాయ్‌పత్తా

మక్బూల్ సార్ ఒకసారి వాడిన చాయ్‌పత్తాతోనే వారం రోజులు చాయ్ కాచుకుంటాడని నస్పూర్‌లో చెప్పుకునేవారు. సాక్ష్యం ఆయన డాబా మీదే ఉండేది: పాత దుప్పటి పరిచి ఎండబోసిన, ఊరంతా వాడి పారేసిన పత్తా. కాలేజీ ల్యాబులో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరైన మనిషి, పొద్దున్నే స్టీలు డబ్బాతో ఇంటింటికీ తిరిగేవారు.

అంతయ్య హోటల్ దగ్గర రోజూ అదే పంచాయితీ.

"పాలు పొయ్యకముందే పత్తా తియ్యమన్న కదా అంతయ్యా!"

"గట్ల తీస్తే గది చాయెట్లయితది సారూ? గీ కొత్త పొట్లమే తీస్కపో. పైసలొద్దు."

"పారేసేది ఉండంగ కొత్తదెందుకయ్యా!" అని సార్ అలిగి వెళ్లేవారు.

జమున దూరం నుంచే ఇదంతా చూసేది. తొమ్మిదిలో బడి మానేసి రాజమక్క అద్దకం షెడ్డులో చేరిన పిల్ల. ఎవరితోనూ మాట్లాడదు. సద్ది కూడా వెనక కాలువ గట్టున ఒక్కతే కూర్చుని తినేది. షెడ్డులో ఏ రంగు అద్దితే కాలువలో ఆ రంగు పారేది. చివరికి నోటీసు వచ్చింది: నెలలో నీళ్లు బాగుపడకపోతే షెడ్డుకు తాళం. జమునకు వేరే పని రాదు. వేరేచోట అడగడానికి నోరు రాదు.

మర్నాడు సార్ గట్టుకొచ్చి సీసాతో ఎర్రనీళ్లు ముంచుకున్నారు. జమున లేవబోయింది.

"కూసో బిడ్డా. మీ ఇంట్ల చాయ్ ఎట్ల పెడ్తరు?"

"పాలుండయి సార్... ఉత్త డికాషనే."

"యా అల్లా! నస్పూర్ల నేను చెప్పకుంటనే పాలు తాకని ఒక్క ఇల్లు దొరికింది!"

జమున పత్తా ఇవ్వడానికి వెళ్తే సార్ ఇంట్లో రెండు కుర్చీలున్నాయి. రెండోదాని నిండా సీసాలే. ఆయన వాటిని దించి, కుర్చీని రెండుసార్లు తుడిచారు. పత్తా ఉడికించిన కషాయాన్ని, అన్నభేది అనే ఇనుప లవణం కరిగించిన నీళ్లలో పోయగానే అది కాటుకలా నల్లబడింది.

"ఇనుము, బిడ్డా! ఒక్కో రవ్వ వెంట్రుక మందంల వెయ్యో వంతు. గంత చిన్నగుంటది గనుకనే రంగును పట్టి కిందికి గుంజుతది. పాలు తాకినయనుకో, అంతా ఖరాబ్."

"అంతయ్య మామ కొత్త పొట్లమిస్తనన్నడు కద సార్?"

సార్ సీసా మూత బిగించారు. విప్పారు. మళ్లీ బిగించారు.

"కొత్తదైతే ఒక్క దుకాణానికి పోతె అయిపాయె. పాతదైతే ఇర్వై ఇండ్లకు పోవాలె."

గట్టు మీద ఒంటరిగా తినే జమునకు ఇంకేమీ చెప్పనక్కర్లేకపోయింది.

నెల తిరక్కముందే షెడ్డు వెనక మూడు డ్రమ్ములు లేచాయి. రంగునీళ్లలో ఆ నల్లనీళ్లు కలిపి నిలబెడితే, అడుగున దిగిన మడ్డి వేరే డ్రమ్ములోకి, తేటనీళ్లు కాలువలోకి. అధికారులు పరీక్షించారు. తాళం రాలేదు.

"డ్రమ్ముల పని జమునకే తెలుసు. నాకు మోకాళ్ల నొప్పులు," అన్నారు సార్ రాజమక్కతో. ఆ మోకాళ్లతోనే ఆ సాయంత్రం డాబా మెట్లు చకచకా ఎక్కారు.

ఇప్పుడు ఇరవై ఇళ్లకూ ఇద్దరూ వెళ్తారు. డబ్బా జమునది, ముచ్చట్లు సార్‌వి. అంతయ్య దగ్గర మాత్రం గొంతు జమునదే.

"పాలు పొయ్యకముందే తియ్యమన్న కదా మామా!"

"అబ్బో, నోరొచ్చింది పిల్లకు! మీ సారుకు వారం చాయ్ అయిపాయెనా?"

"సార్ చాయ్ తాగడు మామా," అంది జమున డబ్బా మూత పెడుతూ. "ఎన్నడు తాగలే."