గాలి గడి

ఆ పేజీని నాకు మొదట చూపించింది రొయ్యల గుంటల రైతు ఒకాయన. కాలిపోయిన నీళ్ల మోటారును నా షాపులో దించి, బల్ల మీద కూర్చున్నాడు. ఎప్పటిలాగే "అన్నా, రేపు పోటు ఎన్నింటికి?" అని అడుగుతాడనుకున్నాను. అడగలేదు. ఫోను తీసి నా ముందు పెట్టాడు.

"ఇది జూడన్నా. ఎవురో టీచరమ్మ రాస్తా ఉంది. నెలంతా పోటు టైములు ఏసి పెట్టేసింది. ఇంక నీకు ఫోన్ జేసే పన్లేదు."

నవ్వుతూనే అన్నాడు. నేనూ నవ్వాను. అప్పుడు నా చేతిలో రాగి తీగ ఉంది, చుట్లు లెక్కపెడుతున్నాను. యాభై ఏడు దగ్గర ఉన్నానో అరవై ఏడు దగ్గర ఉన్నానో మర్చిపోయాను. ఇరవై ఆరేళ్లుగా మోటార్లకు వైండింగ్ చేస్తున్నాను, చుట్లు మర్చిపోవడం నాకు అలవాటు లేదు. అంతా విప్పి మళ్లీ మొదలుపెట్టాను.

మా షాపు మైపాడు పోయే దారిలో, ఉప్పు కాలువ వంతెనకు నూట నలభై రెండు అడుగుల దూరంలో ఉంది. సముద్రం పోటు మీదున్నప్పుడు ఈ కాలువలోకి నీళ్లు ఎక్కుతాయి, ఆటుకు దిగిపోతాయి. రొయ్యల గుంటలకు నీళ్లు పెట్టుకునేవాళ్లు కాలువ నిండుగా ఉన్న సమయం చూసుకుని మోటారు వేయాలి. నీళ్లు తక్కువగా ఉన్నప్పుడు వేస్తే బురద లాగుతుంది, మోటారు కాలుతుంది, నా దగ్గరికి వస్తుంది. అలా వచ్చిన మోటార్లను చూసి చూసి నాకు ఆ సమయం మీద పట్టుదల పుట్టింది. పదో తరగతి తర్వాత నేను చదవలేదు. అయినా వంతెన రెండో స్తంభం మీద పెయింటుతో అంగుళానికో గీత గీశాను. నీళ్లు ఎక్కుతూ ఒక గీతను తాకిన సమయం, దిగుతూ అదే గీతను తాకిన సమయం రాసుకుని, ఆ రెండింటికీ సరిగ్గా మధ్యనున్నదే నిండు పోటు అనుకున్నాను. ఈ పద్ధతి నాకు ఎవరూ చెప్పలేదు.

రెండేళ్ల కొలతల తర్వాత ఒక సూత్రం చిక్కింది. అమావాస్యనాడు మా వంతెన దగ్గర నిండు పోటు తొమ్మిది గంటల పది నిమిషాలకు వస్తుంది. ఆ తర్వాత ఒక్కో తిథికి నలభై ఎనిమిది నిమిషాలు కలుపుకుంటూ పోవాలి. పదిహేను తిథులకు సరిగ్గా పన్నెండు గంటలవుతుంది, కాబట్టి పున్నమికి లెక్క మళ్లీ మొదటికి వస్తుంది. అది కుదిరిన రోజు నేను షాపు మధ్యాహ్నమే మూసేసి, ఏ పనీ లేకుండా ఊరంతా తిరిగాను. అప్పటినుంచి గుంటల వాళ్లు నన్నే అడుగుతున్నారు. లెక్కలన్న అంటారు. ఆ పిలుపు నాకు ఎంత ఇష్టమో ఎవరికీ చెప్పలేదు.

ఇప్పుడు ఆ సూత్రమే ఎవరిదో పేజీలో నాలుగు వరుసల్లో ఉంది.

రైతు వెళ్లాక నా ఫోనులో ఆ బ్లాగు తెరిచాను. ప్రకటనలు లేవు, మెరిసే బొమ్మలు లేవు. తెల్లటి పేజీ, నల్లటి అక్షరాలు. ఆవిడ చిట్టమూరు వైపు ఎక్కడో బడిలో పాఠాలు చెబుతుందట. పుట్టిల్లు మా కాలువ గట్టునే, వంతెనకు అవతల. వేసవి సెలవుల్లో వచ్చి, రెండు నెలలు కర్ర పాతి కొలిచిందట. రెండు నెలలు! నావి పదకొండేళ్లు. క్యాలెండర్లో తేదీ పక్కన వేసే తిథి సూర్యోదయం నాటిదనీ, పోటు వేళకు ఏ తిథి ఎంత గడిచిందో చూసుకోవాలనీ కూడా ఒక వాక్యం రాసింది. టీచర్ల చాదస్తం అనుకుని దాన్ని దాటేశాను.

నన్ను నిజంగా కుదిపింది ఆ సూత్రం కాదు, ఆవిడ రాసిన తీరు. దోమల బ్యాటు ఎందుకు పాడవుతుందో, పాత ల్యాప్‌టాప్‌కు మళ్లీ ప్రాణం ఎలా పోసిందో, పులుసులో చింతపండు ఎప్పుడు వేస్తే చేప ముక్క విడిపోకుండా ఉంటుందో, అన్నీ ఒకే గొంతుతో రాసింది. పక్కన కూర్చుని చెబుతున్నట్టుంది. నాకు అంకెలు వచ్చు. వాటిని చూసి నేను ఎందుకు ఊరంతా తిరిగానో చెప్పడం రాదు. ఆవిడకు రెండూ వచ్చు. ఇది అన్యాయం అనిపించింది.

పేజీ అడుగున, తను చదివే బ్లాగులంటూ పద్నాలుగింటిని పేర్చింది. ఒక వారం రోజులు మధ్యాహ్నం అన్నం తినే వేళ వాటినే చదివాను. ఒకాయన వంట గ్యాసు సిలిండరును రోజూ తూకం వేసి, ఏ వంటకు ఎన్ని గ్రాములు పోతుందో రాశాడు. ఇంకొకాయన తన గోడలోని చీమలు ఏ దారిన పోతున్నాయో నెలల తరబడి చూసి రాశాడు. ఒకావిడ పాత రేడియోలు విప్పుతుంది; ప్రతి రేడియోలోనూ ఎవరో ముందు చేసిన రిపేరు కనబడుతుందని, ఆ మనిషి ఎలాంటివాడో ఊహిస్తుంది. ఇది చదివినప్పుడు అన్నం ముద్ద చేతిలోనే ఉండిపోయింది. నేను విప్పిన ప్రతి మోటారులోనూ నాకంటే ముందు చుట్టినవాడు కనబడతాడు. ఇరవై ఆరేళ్లుగా చూస్తున్నాను. ఒక్క ముక్క రాయలేదు. ఇలాంటి మనుషులు ఇంతమంది ఉన్నారని, ఒకరినొకరు చదువుకుంటున్నారని, నన్ను మాత్రం ఎవరూ పిలవలేదని కడుపు మండింది. నేను ఉన్నట్టే వాళ్లకు తెలియదు, ఎలా పిలుస్తారు? అది తెలిసినా మంట తగ్గలేదు.

అప్పుడు ఆవిడ తప్పులు వెతకడం మొదలుపెట్టాను. ఆవిడ పట్టికను, నా లెక్కను పక్కపక్కన పెట్టుకున్నాను. కొన్ని రోజులు కలిశాయి. కొన్ని రోజులు ఇరవై నిమిషాలకు పైగా తేడా ఉంది. ఒక చవితి రోజుకు నా లెక్కలో పన్నెండు ఇరవై రెండు, ఆవిడ లెక్కలో పన్నెండు నలభై అయిదు. ఆ ఇరవై మూడు నిమిషాలు చూసి నాకు ఎంత సంతోషం వేసిందంటే, ఆ రోజు వచ్చేదాకా ఆగలేకపోయాను.

చవితినాడు పదకొండున్నరకే గొడుగు, గడియారం, నోటుబుక్కు పట్టుకుని వంతెన కింద కూర్చున్నాను. నీళ్లు ఎక్కుతూ పద్దెనిమిదో గీతను పన్నెండు పదిహేనుకు తాకాయి. ఇంకా ఎక్కాయి. పన్నెండు ఇరవై రెండు అయింది, దాటింది, నీళ్లు ఎక్కుతూనే ఉన్నాయి. మళ్లీ దిగుతూ అదే గీతను తాకేసరికి ఒంటిగంటా పదిహేను. రెండింటికీ మధ్య పన్నెండు నలభై అయిదు.

మామూలుగా అయితే అప్పుడు నేను చేసే పని ఒకటుంది. నా నోటుబుక్కులో ఆఖరి గడి పేరు 'గాలి'. నా లెక్కకూ కాలువకూ తేడా వచ్చిన ప్రతిసారీ, ఆ తేడాను నిమిషాల్లో ఆ గడిలో రాస్తాను. గాలి సముద్రం నీళ్లను ముందుకో వెనక్కో నెడుతుందని నా నమ్మకం. ఆ రోజు కూడా గడిలో పెన్ను పెట్టి తలెత్తి చూశాను. గట్టున ఎండేసిన చీరలో మడత కూడా కదలడం లేదు. గాలి అన్నదే లేదు.

ఇంటికొచ్చి పంచాంగం తీశాను. చవితి ఆ రోజు ఉదయం ఏడులోపే వెళ్లిపోయింది. నేను పోటు చూసే వేళకు నడుస్తున్నది పంచమి. పండుగలకూ పబ్బాలకూ ఉదయపు తిథే చూస్తాం కాబట్టి, రోజంతా అదే తిథి అన్నట్టు పదకొండేళ్లు లెక్క కట్టాను. పాత పుస్తకాలు తిరగేస్తే, తిథి పెందలాడే వెళ్లిపోయిన రోజుల్లో పోటు ఆలస్యం, చాలాసేపు నిలిచిన రోజుల్లో ముందు. నేను గాలి అని రాసిందంతా తిథే.

ఆవిడ వ్యాసం చివర ఒక అభ్యర్థన ఉంది. తన కొలతలన్నీ వేసవివే, వానల తర్వాత కూడా ఇలాగే ఉంటుందో లేదో తెలియదు, ఈ కాలువను ఎవరైనా కొలిచి ఉంటే చెప్పమని. సమాధానం నా దగ్గర ఉంది. వానలకు కాలువ సముద్రంలో కలిసే మొగలో ఇసుక కోసుకుపోయి దారి వెడల్పవుతుంది, పోటు పావుగంట ముందే వస్తుంది. ఏటా రాసుకున్నాను. కానీ పంపాలంటే పుస్తకాలు పంపాలి, పుస్తకాలు పంపితే ఆ గాలి గడి కూడా వెళ్తుంది. నాకు కావలసింది ఒక్కటే: ఈ కాలువ లెక్క నాది అని ఎవరైనా అనాలి. ఆవిడకిస్తే అది ఆవిడది అయిపోతుందని భయం.

నాలుగు రోజులు అన్నం సగంలోనే వదిలేసి లేచాను. అయిదో రోజు మా ఆవిడ అడిగింది.

"ఏందయ్యా, ఎవురన్నా పోయినారా?"

చెప్పాను.

"పంపిస్తే ఏం పోతది?"

"పదకొండేళ్లు పోతాయి."

"పంపకపోతే యాడుంటాయి? బియ్యం డబ్బా ఎనకాల ఉంటాయి. మొన్న బొద్దింకలు తోలేదానికి నీ మూడో పుస్తకంతోనే కొట్టినా."

తొమ్మిది పుస్తకాలనూ మా ఆవిడ పట్టుకుంటే నేను ఫొటోలు తీశాను. మూడు వందల ఎనభై ఎనిమిది. మూడో పుస్తకం అట్ట మీద మరక నిజమే. టీచరమ్మకు ఈమెయిలు పంపాను. ఒక్క వాక్యమే రాయగలిగాను: "మీరు అడిగినవి ఇవి."

మూడో రోజుకు జవాబు వచ్చింది. "మీ పుస్తకాలు చూస్తూ నిన్న వంట కూడా మర్చిపోయానండీ. మీ గాలి గడి అన్నిటికంటే విలువైనది. పంచాంగం చూసే మనందరం చేసే పొరపాటే అది. నేనూ మొదటి మూడు వారాలు అలాగే చేశాను. మీ కొలతలు మీ పేరుతో వేయాలని ఉంది. వేయమంటారా?"

మూడు వారాలు. ఆ అంకె దగ్గర ఆగిపోయాను. పదకొండేళ్లను మూడు వారాలతో భాగిస్తే నూట తొంభై ఒకటి వస్తుంది. నాకంటే నూట తొంభై ఒక్క రెట్లు తొందరగా తెలుసుకున్న మనిషి, నన్ను నొప్పించకూడదని మనందరం అంటోంది. ఆ మర్యాద చూసి కూడా అసూయ పడ్డాను.

గాలి గడి లేకుండా వేయగలరా అని అడిగాను. వేయవచ్చు గానీ, సమయాలు ఎందుకు అటూ ఇటూ ఉన్నాయని ఎవరైనా అడిగితే తను అబద్ధం చెప్పలేనంది. ఇబ్బందిగా ఉంటే గడి ఉంచి పేరు తీసేస్తానంది.

అంటే పేరుంటే తప్పూ ఉంటుంది. తప్పు నాది కాకూడదంటే పదకొండేళ్లూ నావి కావు. నేను సమయం చెప్పిన రైతులందరూ ఆ పేజీ చదువుతున్నారు. ఇరవై నిమిషాల తేడాకు మోటారు కాలదని నాకు తెలుసు. వాళ్లు నమ్ముతారా? రెండు రోజులు షాపులో ఏ మోటారు చుట్టినా ఇదే ఆలోచన. మూడో రోజు పొద్దున "పేరు వేయండి" అని రాసి, మళ్లీ మనసు మారుతుందని వెంటనే పంపేశాను.

ఆదివారం వేసింది. మొదట వచ్చింది ఆ గుంటల రైతే. స్కూటరు దిగకముందే అందుకున్నాడు.

"అన్నా, ఇన్నేళ్లూ తప్పు టైము చెప్పినావంట గదా! మోటార్లు కాల్చేదానికే చెప్పినావేమో!"

"నీ మోటారు కాలింది నా టైముకి కాదు, పైపు కొసన ఫుట్‌వాల్వులో గడ్డి ఇరుక్కోని."

"అదీ నువ్వే ఇరికించినావేమో, ఎవురికి తెలుసు?" అని పడీపడీ నవ్వాడు. తర్వాత గొంతు తగ్గించి, "అయితే ఆ టీచరమ్మకి ఇచ్చింది నువ్వేనా? అన్ని పుస్తకాలు రాసినావా? మాకెప్పుడూ చూపీలేదే!" అన్నాడు. చూపించమని మీరెప్పుడు అడిగారు అని నోటిదాకా వచ్చింది. టీ చెప్పాను.

ఆయన వెళ్లాక ఫోను తీసుకుని వంతెన కిందికి పోయి, వచ్చిన ఫోన్లు ఎత్తకుండా ప్రశాంతంగా చదివాను. నా అంకెలను ఆవిడ నాలుగు పట్టికలుగా సర్దింది. వానల తర్వాత పోటు ముందుకు జరగడాన్ని ఒక చిన్న గీతల బొమ్మలో చూపింది. నేను పదకొండేళ్లు చూసిన కాలువ ఆ బొమ్మలో నాకే కొత్తగా కనబడింది. నా అంకెలే, నా దగ్గర ఉన్నప్పటికంటే ఆవిడ దగ్గర బాగున్నాయి. పెళ్లయిన చెల్లెలు అత్తగారింట్లో మనింట్లోకంటే కళగా కనబడితే వచ్చే సంతోషంలో కాస్త ఉక్రోషం కూడా ఉంటుంది కదా, అది.

కింద ముప్పై మూడు వ్యాఖ్యలు ఉన్నాయి. లెక్కపెట్టాను. ముప్పై ఒకటి ఆవిడకు: ఎంత బాగా వివరించారు, ఎంత ఓపిక, మీలాంటి టీచరు మాకుంటేనా అని. రెండు నాకు. మొదటిది ఎవరో తెలియని మనిషిది. ఉప్పునీళ్లలో స్తంభం మీది గీతలు చెరిగిపోకుండా ఏ పెయింటు వాడానని అడిగాడు. మంచి ప్రశ్న. పెయింటు పేరు, ఎన్ని పూతలు వేయాలో, ఎన్ని నెలలకొకసారి మళ్లీ గీయాలో వివరంగా జవాబు రాశాను.

రెండోది మా ఆవిడది. "షాపు కాడ ఇద్దరు మోటార్లు తెచ్చి నిలబడుండారు. నాలుగు సార్లు ఫోన్ జేసినా ఎత్తలా. ఇది చదవతా ఉంటే షాపుకి రా."

దాని కింద తొమ్మిది మంది జవాబులు రాశారు. టీచరమ్మ కూడా రాసింది. నా పెయింటు వివరాలకు మాత్రం, ఇది రాసే ఇవాళ్టి దాకా, ఒక్కరూ రాయలేదు.