ఇంగువ మామకు బాక్టీరియా పాఠం

ఆ రోజుల్లో సైన్సు చెప్పడానికి ఫోను అక్కర్లేదు, గొంతూ కాస్త తెగువా ఉంటే చాలు. మొన్న మా మనవరాలు ఫోనులోంచి తలెత్తకుండా, "తాతా, తెలుసా? బాక్టీరియా ఒకదానికొకటి జీన్స్ ఇచ్చుకుంటాయంట, ఫార్వర్డ్ మెసేజ్ మాదిరి!" అంది, నిన్ననే ఎవరో కనిపెట్టినట్టు. నాకు ఒళ్లు మండింది. ఈ సంగతి నేను ఆ పిల్ల తల్లి పుట్టకముందే మద్రాసు చింతాద్రిపేటలో ఒక మిద్దె మీద నిలబడి చెప్పాను. చెప్పి పెళ్లి పోగొట్టుకోబోయాను. అది ఏ ఫోనులోనూ లేదు.

నేను స్కూలు మధ్యలో మానేసి పప్పుల మండీలో గుమాస్తాగా చేరినవాణ్ణి. చదువంతా రోడ్డు పక్క ప్లాట్‌ఫారం మీద పరిచిన పాత పుస్తకాల్లోంచి వచ్చిందే (కొన్నిటికి చివరి పేజీలు ఉండేవి కావు, అందుకే నాకు చాలా శాస్త్రాల మొదలు తెలుసు, ముగింపు తెలియదు). అప్పుడే ఇంగువ మామ కూతురితో సంబంధం కుదిరింది. ఆయన ఇంగువ వ్యాపారి. ముడి ఇంగువలో పిండీ బంకా కలిపే పాళ్లు వాళ్లింట్లో కొడుకులకూ కోడళ్లకూ చెప్తారు గానీ కూతుళ్లకు చెప్పరు, అత్తగారింటికి మోసుకుపోతారని. తాంబూలాలకు ముందు ఆదివారం సాయంత్రం చుట్టాలందర్నీ మిద్దె మీద కూర్చోబెట్టి, "ఏమప్పా, నువ్వు పెద్ద పెద్ద పుస్తకాలు చదువుతావంటనే, మావాళ్లకు నాలుగు మాటలు చెప్పు" అన్నాడు మామ.

నక్షత్రాల గురించి చెప్పి ఉంటే గొడవే లేదు, పైన కనబడుతూనే ఉన్నాయి. నేను బాక్టీరియా ఎత్తుకున్నాను. ఒక బాక్టీరియా సన్నటి పోగు చాచి (ఇక్కడ చిటికెనవేలు చాచి చూపించాను) పక్కదాన్ని దగ్గరికి లాక్కుంటుందనీ, తనలోని చిన్న చక్రంలాంటి జన్యు పదార్థానికి నకలు తీసి దానికి పంపిస్తుందనీ, ఏదైనా మందుకు చావని నేర్పు అందులో ఉంటే అది పక్కదానికీ వచ్చేస్తుందనీ, అది ఇంకొకదానికి ఇస్తుందనీ, చుట్టరికంతో పనే లేదనీ చెప్పాను.

మామ తమలపాకు నమలడం ఆపాడు. "కొడుకులకు ఇయ్యదా?"

"వాళ్లకూ ఇస్తుంది మామా, పక్కవాళ్లకూ ఇస్తుంది."

"పక్కోడికి ఇచ్చినాక దానికేం మిగిలె?"

"పోయేది నకలే. అసలు దాని దగ్గరే ఉంటుంది."

"ఇచ్చినా తరగని సరుకా! నా అంగట్లో అట్టాంటిది ఒక్కటీ లేదే!"

అందరూ నవ్వారు. సభ నా చేతిలోకి వచ్చేసిందనుకుని, "ఎందుకు లేదు మామా, మీ ఇంగువ పాళ్లు ఉన్నాయి కదా. చెప్తే తరగవు" అన్నాను.

"ఓహో, ఇదా సంగతి! నేను సుమ్మా, ఊరికే పురుగుల కత అనుకుంటి. పాళ్లకు ఎసరు పెట్టినావా? తాంబూలం లేదు, ఏం లేదు. ఆ పాళ్ల కోసరం వచ్చినోడికి నా బిడ్డనియ్యను!" అని మామ లేచి నిలబడ్డాడు. నా చిటికెనవేలు ఇంకా చాచే ఉంది, ముడవాలని తోచలేదు.

అప్పుడు మెట్ల దగ్గర నుంచి మా అత్త గొంతు వినిపించింది. "ఏమండి, ఊరికే అరవబాకండి. మీ తాత చెప్పిన పాళ్లకు ముద్ద రాయి మాదిరి అయ్యేది, మరిచిపోతిరా? పక్కింటి అరవ ముసలామె, ఆ పాట్టి, వంటింటి కిటికీలోనించి, బంక రాత్రంతా నానబెట్టమని నాకు చెప్పినాకనే మెత్తగా వచ్చె. అది మీ తాత సొత్తా, పాట్టి సొత్తా?"

"అయినా కూతురికి..."

"దానికి ఎప్పుడో చెప్పేస్తిని. ఆ అబ్బాయికి పాళ్లే కావాల్నంటే దాన్ని చేసుకుంటే చాలు, మిమ్మల్ని ఎందుకు అడుగుతాడు?"

అందరూ తల్లి వెనక నిలబడ్డ పిల్ల వైపు తిరిగారు. ఆమె నా వేలు వైపు చూస్తూ, నవ్వు ఆపుకోలేక పెదవి కొరుక్కుంటోంది. మామ మళ్లీ ఆకు నమలడం మొదలుపెట్టాడు.

"ఏమప్పా, ఆ పురుగులకు రోషం ఉండదా?"

"ఉండదు మామా."

"అందుకే బతుకుతా ఉండాయి" అని కూర్చున్నాడు. అనుకున్న ముహూర్తానికే తాంబూలాలు పుచ్చుకున్నాం.

మరి ఇన్నేళ్లు కాపురం చేశాక పాళ్లు నాకు తెలిసే ఉంటాయని మీరనుకుంటారు. ఎన్నిసార్లు అడిగినా మా ఆవిడ, "మీకు చెప్తే మిద్దెక్కి ఊరికంతా చెప్తారు" అంటుంది. నిన్న వంటింట్లో మనవరాలిని పక్కన పెట్టుకుని, చెయ్యి ఇంగువ గిన్నెలో ఉంచి, ఏదో గుసగుసగా చెప్తోంది. ఆ పిల్ల ఫోను కూడా పక్కన పెట్టి వింటోంది. నేను గడప దగ్గరికి రాగానే ఇద్దరూ నోళ్లు మూసేశారు. నాకు మిద్దె మీది ఆ కుర్రవాడు గుర్తొచ్చాడు. పాపం, ఇంకా వేలు చాచుకునే నిలబడి ఉన్నాడు.