గుండే మిన్

పెనం మీద జొన్నరొట్టె అంచు కాస్త మాడితే చాలు, దాయే గుర్తొస్తుంది. అమెరికాలో డాలస్ దగ్గరి కాపెల్‌లో మా పక్క అపార్ట్‌మెంట్‌లో కొడుకు ఆజాద్‌తో ఉండే కుర్దిష్ పెద్దావిడ. పేరు గులే. 'దాయే' అంటే వాళ్ల భాషలో అమ్మ. మేం వచ్చిన కొత్తలో ఈ వాసనకే వచ్చి తలుపు తట్టింది. రొట్టె తుంచి నోట్లో వేసుకుని, మరీ మందమని పెదవి విరిచి, చేతులు కడుక్కుని తనే తట్టడం మొదలుపెట్టింది. అత్తగారు లేని లోటు తీరిందని మా ఆయన ఏడిపించాడు.

ఆమెకు నాలుగు ఇంగ్లిష్ ముక్కలొచ్చు. మిగతాది చేతులతో చెప్పేది. మీ ఊళ్లో ఎంతమంది అని మొదటిరోజే అడిగింది. మాది కర్నూలు, లక్షల్లో ఉంటారన్నాను. అందరి పేర్లూ తెలుసా అంది. తెలియదంటే, అయితే అదేం ఊరని నా మీద జాలిపడింది. వాళ్లది కొండవాలున మట్టి మిద్దెల చిన్న పల్లె. పోరు ముదిరి ఊరు ఖాళీ అయినప్పుడు జనం తలోదిక్కూ పోయారు. కొన్నేళ్ల తర్వాత ఆమె అన్న హమో ఒక్కడే మేకల్ని తోలుకుని తిరిగి వెళ్లాడు. ఆ ఊరి జనాభా అంతా ఆయనే.

రోజూ పొద్దున ఆయనకు ఫోన్ చేసి "గుండ్ చావాయె?" అని అడిగేది. అవతలినుంచి "హెమూ బాషిన్" అని వినిపించేది. అర్థం తెలియని నేను, పొద్దున్నే ఈ చావు మాటేమిటని లోలోపల విసుక్కునేదాన్ని.

ఒకరోజు రొట్టెలు ఇద్దామని వెళ్తే, ఫోన్ ఒళ్లో పడేసుకుని, ఛాతీ మీద చెయ్యి వేసుకుని, "గుండే మిన్, గుండే మిన్" అంటూ ఊగిపోతోంది. ఆమెకు తెలుగెలా వస్తుందన్న ఆలోచన కూడా నాకు రాలేదు. 911కి ఫోన్ చేసి హార్ట్ ఎటాక్ అన్నాను. అంబులెన్స్ వాళ్లు వచ్చి, వైర్లు అంటించి చూసి, గుండె బాగానే ఉందన్నారు.

అంతలో ఆజాద్ వచ్చాడు. తల్లితో మాట్లాడి, మామయ్య పోయాడని పక్క పల్లెవాళ్లు ఫోన్ చేశారని నాతో చెప్పాడు. గుండ్ అంటే వాళ్ల భాషలో ఊరు. గుండే మిన్ అంటే 'నా ఊరు'. రోజూ ఆమె అడిగేది ఊరెలా ఉందని. అందరూ బాగున్నారని హమో జవాబు. ఒక్కడే ఉంటూ కూడా ఆయన అలాగే చెప్పేవాడు. మా భాషలో గుండె అంటే ఏమిటో నేను చెప్పాను. అది విని దాయే అంబులెన్స్ వాళ్ల వైపు చూసి ఏదో గొణిగింది.

"దీనికి వాళ్ల దగ్గర మందు లేదుగా అంటోంది," అన్నాడు ఆజాద్.

ఆ తర్వాత పొద్దున పూట ఆ ఇంట్లో మాట వినిపించేది కాదు. అన్నం మానేసింది. ఊరెలా ఉందో చెప్పేవాళ్లు ఇక లోకంలో లేరన్నదే ఆమె దిగులు. ఉండబట్టలేక ఒకరోజు నేనే "హెమూ బాషిన్" అన్నాను. ఆమెకు కోపమొచ్చింది.

"నువ్వు చూశావా?"

లేదన్నాను. అప్పటినుంచి నన్ను కూర్చోబెట్టి చూపించింది. ఊట నీళ్లు ఏ మలుపులో తిరుగుతాయి, మల్బరీ కొమ్మ ఎవరి మిద్దె మీదికి వాలింది, ఖాలో అనే చెవిటాయన గాడిద ఎవరి చేలో పడుతుంది, అన్నీ చెప్పింది. కొన్నాళ్లకు ఊరెలా ఉందని నన్నే అడగసాగింది. అందరూ బాగున్నారంటే ఊరుకునేది కాదు. ఎవరెవరని నిలదీసేది. ఖాలో గాడిద మళ్లీ చేలో పడిందని చెబితే, ఆ గాడిదను తిట్టి, రొట్టె అందుకునేది. అది అబద్ధమని మా ఇద్దరికీ తెలుసు.

పోయిన చలికాలంలో దాయే వెళ్లిపోయింది. ఆ కొండ దాకా తీసుకెళ్లడం కుదరలేదు. డాలస్ శివార్లలో, ఎటు చూసినా చదునైన నేలలో పూడ్చారు.

ఊరు వదిలేనాటికి ఆజాద్ చంకబిడ్డ. అతనికేమీ గుర్తులేదు. ఈ పొద్దున రొట్టె వాసనకు వచ్చి, గుమ్మంలో నిలబడి, కాస్త మొహమాటపడుతూ "గుండ్ చావాయె?" అన్నాడు.

"హెమూ బాషిన్," అన్నాను.

ఎవరెవరని అతను అడగలేదు. అడిగితే చెప్పడానికి ఆ పేర్లన్నీ ఇప్పుడు నా ఒక్కదాని దగ్గరే ఉన్నాయి.