ఒక్కతే ఎందుకు వెళ్లిందని అడిగినవాళ్లకు

మా టీచర్ చనిపోయారు. వరంగల్‌లో, తాను రోజూ నడిచే వీధిలోనే, మూత తీసి వదిలేసిన మురికికాలువలో పడి తలకు దెబ్బ తగిలింది. దవాఖానలో చేర్చినా మళ్లీ తెలివి రాలేదు. స్టేషన్ ఘన్‌పూర్ దగ్గరి బడిలో నేను పాఠం చెబుతుండగా, ఆమె దగ్గర నాతో పాటు చదువుకున్న స్నేహితురాలు ఫోన్ చేసింది. "టీచర్ పోయిందే" అని మాత్రం అన్నది.

ఆమెకు చూపు లేదు. నాకూ లేదు. ఈ సంగతి ముందే చెప్పడం ఎందుకంటే, నేను వెళ్లేసరికి టీచర్ ఇంట్లో అందరూ మాట్లాడుకుంటున్నది అదొక్కటే.

"కండ్లు లేని మనిషి, ఒక్కతే ఎందుకు పోవుడు?" అని పక్కింటామె. "ఎవలనన్న తోడు తీస్కపోతే బతికుండేది" అని ఇంకొకామె. బతికుండగా ఆ గడప తొక్కని బంధువు ఒకాయన, "పోనియ్, ఇప్పటికన్న కష్టం తీరింది" అన్నాడు.

ఏ కష్టం? ఆమె ఉద్యోగం చేశారు, ఇల్లు నడుపుకున్నారు, తన కూర తానే వండుకున్నారు. ఆమెకున్న కష్టమల్లా ఇలాంటి మాటలు వినాల్సి రావడమే.

కాలువ మీది బండ ఎవరు తీశారని ఒక్కరూ అడగలేదు. కేబుల్ పనికి వచ్చినవాళ్లు దాన్ని లేపి పక్కన పడేసి, పని చూసుకుని వెళ్లిపోయారు. అడ్డంగా ఒక తాడైనా కట్టలేదు. అంతకు కొన్నాళ్ల ముందే స్కూటర్ మీద వచ్చిన ఒకాయన అందులో పడి కాలు విరగ్గొట్టుకున్నాడట. చూపు బాగా ఉన్న మనిషే. ఒక్కడివే ఎందుకు వచ్చావని ఆయన్ను ఎవరూ అడగలేదు. అప్పుడు బండ తీసినవాళ్లను తిట్టారు. మా టీచర్ పడితే మా టీచర్‌నే తిట్టారు.

సమాధి దగ్గర పాస్టరు గారు, "మన సహోదరి ఇప్పుడు ప్రభువును కళ్లారా చూస్తున్నది" అన్నారు. అందరూ ఆమెన్ అన్నారు. నేను అనలేదు. టీచర్‌కు భక్తి తక్కువై కాదు, ఆమె ఏ ఆదివారమూ చర్చి మానలేదు. కాని ఎవరైనా తల మీద చెయ్యి పెట్టి చూపు కోసం ప్రార్థన మొదలుపెడితే మధ్యలోనే ఆపేసేవారు. "మోకాళ్లు గుంజుతానయి అయ్యగారూ, వాటికోసం చెయ్యున్రి. కండ్ల సంగతి నేను దేవుణ్ని అడగలే."

నేను ఆమెకు దొరికింది మా ఊళ్లో, మా ఇంటి అరుగు మీద. నాన్న ఎనుమాముల మార్కెట్‌లో హమాలీ. మిర్చి బస్తాలు మోసి వచ్చేవాడు, ఆయన చొక్కా ఘాటుకు ఇంటిల్లిపాదీ తుమ్మేవాళ్లం. అమ్మ కూలికి పోతూ నన్ను అరుగు మీద కూర్చోబెట్టి, పక్కన నీళ్లచెంబు పెట్టి, "కదలకు బిడ్డా" అని చెప్పి పోయేది. నా చిన్నతనమంతా ఆ ఒక్క మాటే. ప్రేమతోనే అనేది. పాలపళ్లు ఊడి కొత్తవి వచ్చినా నన్ను కంచంలో చెయ్యి పెట్టనియ్యలేదు. ముద్దలు కలిపి తానే తినిపించేది.

చూపులేని పిల్ల ఉందని ఎవరో చెబితే టీచర్ బస్సు దిగి, దారి అడుగుతూ, కర్ర తాటించుకుంటూ వచ్చారు. అరుగు మీద నా పక్కన కూర్చుని నా తల నిమిరారు.

"జడ నువ్వే ఏసుకున్నవా బిడ్డా?"

జవాబు అమ్మే చెప్పింది. "దానికెట్లొస్తది టీచరమ్మా, కండ్లు లేకపాయె."

"జడ ఎన్కనుంటది గదక్కా. ఏసుకునేటప్పుడు నీకు మాత్రం కనబడుతదా?"

ఆ ఏడే నన్ను వరంగల్‌లో టీచర్ పనిచేసే చూపులేని పిల్లల హాస్టల్ బడిలో చేర్చారు.

అక్కడ బ్రెయిలీ చుక్కల కంటే ముందు ఆమె నాకు నేర్పింది చాయ్ పెట్టడం. గిన్నె దించబోయి ఒకసారి చెయ్యి కాల్చుకున్నాను. చూడటానికి వచ్చిన అమ్మ ఆ బొబ్బ చూసి, "నా బిడ్డ చెయ్యి కాల్చిన్రు, నేను తీస్కపోత" అని లొల్లి పెట్టింది. టీచర్ కోపగించుకోలేదు. అమ్మ చేతులు రెండూ తన చేతుల్లోకి తీసుకుని మెల్లగా తడిమారు. పొయ్యి మచ్చలు, కొడవలి గాట్లు ఆమె వేళ్లకు ఒక్కొక్కటే తగిలాయి.

"ఇవన్ని ఎట్లయినయక్కా? కండ్లు ఉండంగనే అయినయి గద. నువ్వు వంట బంజేసినవా?"

అమ్మ ఆ రోజు నన్ను తీసుకుపోకుండానే బస్సెక్కింది.

ఆమె నోటి దురుసు గురించి కూడా చెప్పాలి. బస్సులో ఎవరైనా "పాపం, గుడ్డామె, జర సీటియ్యున్రి" అంటే, "సీటియ్యి నాయినా, పాపం నీ దగ్గర్నే ఉంచుకో" అనేవారు. రోడ్డు దాటేటప్పుడు అడగకుండా రెక్క పట్టి లాగితే విడిపించుకునేవారు. "నేనడిగితే పట్టుకో. అడగకముందే గుంజితే నేను పడుత" అనేవారు. కొందరు ఆమెకు పొగరు అన్నారు. చూపున్నవాళ్లు అలా అంటే ఆత్మాభిమానం అంటారు.

పది పాసయ్యాక నన్ను వెంటబెట్టుకుని ఒక కాలేజీకి తీసుకుపోయారు. అడ్మిషన్లు చూసే సార్ నాతో ఒక్క మాట మాట్లాడలేదు. అంతా ఆమెతోనే.

"సంగీతం నేర్పించకపోయిన్రా అమ్మా? గుడ్డోళ్లకు గొంతు మంచిగుంటది."

"ఈ పిల్ల గొంతు మీరు వినలే సర్. వింటే, పాట ఆపితే చాలని ఇప్పుడే సీటిస్తరు."

నేను నవ్వు ఆపుకోలేకపోయాను. ఆయన నవ్వలేదు.

"రోజు తోడు ఎవరొస్తరు?"

"ఎవరు రారు. బస్సుల వస్తది."

"ఏమన్నయితే మాది పూచీ కాదని రాసిస్తరా?"

"మిగిలిన పిల్లలందరితోని రాయించుకున్నరా సర్? అవి తెప్పియ్యున్రి, చదివిపిచ్చుకుంట. గట్లనే రాసిస్త."

ఆయన సొరుగు లాగి ఫారం తీసిన చప్పుడైంది. సీటు వచ్చింది. బయటికి వచ్చాక ఆమె బస్టాపు గట్టు మీద కూలబడి, రెండు బస్సులు పోయినా లేవలేదు. అంత ధీమాగా మాట్లాడే మనిషికి లోపల ఎంత ఖర్చవుతుందో ఆ రోజే తెలిసింది. ఒక పిల్లకు సీటు కావాలంటే ఒక మనిషి అంత అలిసిపోవాలా అని ఇప్పటికీ నాకు మంటే.

ఆ మంట మొన్న మళ్లీ ఎగిసింది. అంత్యక్రియలు కాగానే హాస్టల్ నడిపే పెద్దమనిషి పిల్లలెవరూ ఒంటరిగా గేటు దాటొద్దన్నాడు. ఆమె జీవితమంతా తెరిచిన గేటును ఆమె చావు చూపించి మూసేశాడు. నేనూ నా స్నేహితురాలూ వెళ్లి అడిగితే, "మీ టీచర్‌కే గట్లయింది గదమ్మా" అన్నాడు, ఎంతో దయగా. ఆ దయను తట్టుకోవడం తిట్లకంటే కష్టం.

ఆయనతో వాదించడం మానేసి, ఆమె దగ్గర చదువుకున్నవాళ్లందరికీ ఫోన్లు చేశాం. మరుసటి ఉదయం ఆ కాలువ పక్కన రోడ్డుకు అడ్డంగా కూర్చున్నాం. ఆటోలు ఆగాయి, హారన్లు మోగాయి. ఒకామె మజ్జిగ తెచ్చి, "పాపం, ఎండల కూసున్నరు" అన్నది. మజ్జిగ తాగాం. "తల్లీ, బండ ఎయ్యమని నువ్వు గూడ అడుగు" అన్నది నా స్నేహితురాలు. మజ్జిగ తెచ్చినామె చెంబు కింద పెట్టి మా పక్కనే కూర్చుంది. పొద్దు వాలకముందే కార్పొరేషన్ ట్రాక్టర్ వచ్చింది. బండ పడిన చప్పుడు మా కాళ్ల కింద అదిరింది. ఇంత సులువైన పని.

అదే వీధిలోని హాస్టల్‌కు తిరిగి వెళ్తే, ఒక రైతు తన కూతుర్ని ఇంటికి తీసుకుపోవడానికి సంచి సర్దుతున్నాడు. తొమ్మిదో తరగతి పిల్ల.

"నేను రాను నాయినా," అంటోంది. "ఇంటికొస్తే మళ్ల మంచం మీద కూసోవుడే గద."

"నీకేమన్నయితే మీ అమ్మ బతుకుతదా బిడ్డా?" అన్నాడు ఆయన. ఆయన మీద కోపం తెచ్చుకోవాలని చూశాను. రాలేదు.

"మీతోని వస్తది. ముందు ఒక్కసారి దాన్ని ఆ వీధిల నడువనియ్యున్రి, మీరు ఎన్కనే ఉండున్రి" అన్నాను. పెద్దమనిషి గేటు దగ్గర ఏదో అనబోయాడు. తండ్రి వెంట ఉన్నాడు కాబట్టి ఆగిపోయాడు.

ముగ్గురం వీధిలోకి వచ్చాం. పిల్ల ముందు, ఆయనా నేనూ వెనక. ఆమె తడబడిన ప్రతిసారీ ఆయన చెప్పులు ఒక్క ఉరుకు ఉరికి ఆగేవి. కొత్తగా వేసిన బండ దగ్గర ఆమె నిలబడింది. కర్రతో తట్టింది, కాలితో నొక్కింది, దాటింది. నా పక్కన ఆయన చెప్పుల చప్పుడు ఆగిపోయింది. ఆమె అడుగుల చప్పుడు ఆగలేదు. ఆటోల మధ్య నుంచి సన్నగా వినిపిస్తూ, చౌరస్తా వైపు పోతూనే ఉంది.