స్టోరు అక్క కలిపిన చెయ్యి

మ్యూజియం స్టోరు చూసుకునే అక్క గత నెల రేపల్లెలో కన్నుమూశారు. ఆమె కూతురు ఫోన్ చేసి "అమ్మ పోయిందండి" అన్నప్పుడు నాకు దుఃఖం కంటే ముందు సిగ్గు వేసింది. ఎందుకో మీకు చెప్పాలి.

నేను తెనాలిలో చరిత్ర పాఠాలు చెబుతాను. ఏటా పిల్లల్ని బాపట్లలోని ఒక చిన్న మ్యూజియానికి తీసుకెళ్ళి, మామూలుగా ఎవరికీ చూపించని వెనక స్టోరు గదులు కూడా తిప్పేదాన్ని. తాళం అక్క తీసేవారు. అక్కడి రాళ్ళనూ పెంకులనూ దుమ్ము దులిపి, పాత నూలుగుడ్డల్లో చుట్టి పెట్టడం ఆమె పని.

నేను కుండపెంకు చూపించి రాజుల పేర్లు చెబుతుంటే పిల్లలు ఆవలించేవారు. అక్క అదే పెంకు వాళ్ళ చేతిలో పెట్టి, "లోపల వేలితో తడిమి చూడండమ్మా, చేసినోళ్ళ వేలు తగుల్తుంది" అనేవారు. ఇక అందరూ ఆమె చుట్టూ మూగేవారు. నేను మాత్రం నా పిహెచ్‌డీతో ఓ మూల నిలబడి కుళ్ళుకునేదాన్ని.

ఓసారి ఆమె అట్టపెట్టెలోంచి ఒక రాతి చెయ్యి తీసి, కింది అరలో ఉన్న చెయ్యి లేని స్త్రీ బొమ్మకు ఆనించారు. సరిగ్గా అతికింది.

"ఎప్పట్నుంచో అనుమానమండి. రెంటి రాతిలోనూ ఒకటే చార ఉంది."

దాని మీద నేను పత్రికలో వ్యాసం రాశాను, కనిపెట్టింది నేనే అన్నట్టు. అక్క ఆ కాగితం కత్తిరించి స్టోరు తలుపుకు అంటించుకున్నారు. "మన బొమ్మ పేపర్లో పడిందండి!" అని వచ్చినవాళ్ళకల్లా చూపించారు.

మరుసటి ఏడు ఉండబట్టలేక చెప్పేశాను. "అక్కా, అది మీరు కనిపెట్టింది. మీ పేరు రాయలేదు నేను."

"చూశానండి. ఎక్కడన్నా ఉందేమోనని మూడుసార్లు చదివాను."

"మళ్ళీ రాస్తాను."

"రాయండి. మా అమ్మాయికి చూపించుకుంటాను."

రాయలేదు. ఆ ఒక్కటైనా నాదిగా ఉండనీ అనుకుంటూ రెండేళ్ళు గడిపేశాను. పెంకును చేత్తో చదవడం నాకు నేర్పింది కూడా ఆమేనని తెలిసి ఉండీ.

రేపల్లెలో అక్క సమాధి చూసి వచ్చిన రోజే పత్రికకు నిజం రాసి పంపాను. మ్యూజియం వాళ్ళు బొమ్మకు చెయ్యి అతికించి, ముందు హాల్లో అద్దాల పెట్టెలోకి మార్చి, కింద అక్క పేరుతో చీటీ పెట్టారు.

మొన్న ఆమె కూతురు మ్యూజియానికి వచ్చింది. ఆ పేరు పైకి చదివింది. మళ్ళీ చదివింది. తర్వాత అద్దానికి ముఖం ఆనించి, రాతి మోచేతి దగ్గర అతుకు కోసం వెతికింది. ఊపిరికి అద్దం మసకబారితే, చున్నీతో తుడిచి మళ్ళీ చూడసాగింది.