పుస్తకం తప్ప ఏమీ రాని పలక

విజయభాస్కర్ పులికాట్ సరస్సులో వలలు వేసుకునే ఇంట పుట్టినవాడు. చిన్నప్పుడు సూళ్లూరుపేట లైబ్రరీలో బల్ల దగ్గర కదలకుండా కూర్చుని చదివేవాడు. ఇప్పుడు అదే ఊళ్లో, స్టేషన్ రోడ్డులో అతనికి సెల్‌ఫోన్ల దుకాణం. మూడు నెలల కిందట చదువుకోవడానికి మాత్రమే పనికొచ్చే ఈ-రీడర్లు నాలుగు చెన్నై నుంచి తెప్పించి, అద్దాల కౌంటర్లో ముందు వరసలో పెట్టాడు.

వారం తిరక్కుండానే అతనికి మనుషులంటే రోత పుట్టింది. చేతిలోకి తీసుకున్న ప్రతివాడూ దాన్ని వెనక్కి తిప్పి కెమెరా కోసం వెతికేవాడు.

"రంగుల్లేవా అన్నా? వాట్సాప్ కూడా రాదా? మరింక దేనికిది?" అంటూ మురిగిన చేపను తోసేసినట్టు పక్కకి తోసేసేవాడు.

చివరికి ఒక్కరంటే ఒక్కరు కొన్నారు. హైస్కూల్లో అతనికి తెలుగు చెప్పిన ఆదిశేషమ్మ టీచరు. ఫోన్లో చదివితే ఆమెకు కళ్లు మండుతున్నాయి.

"అచ్చం కాయితం మాదిరే ఉండాదబ్బయ్యా!" అని ఆమె మురిసిపోతే అతని కడుపు నిండింది.

పదోరోజున ఆమె దాన్ని సంచిలో వేసుకుని తిరిగొచ్చింది.

"నాకు కావాల్సిన తెలుగు పుస్తకాలు దీంట్లో దొరకలా. మా చెల్లెలి కొడుకు స్కాన్ చేసినవి ఎక్కించినాడు. అక్షరాలు చీమల మాదిరి ఉండాయి. పెద్దవి చేస్తే సగం లైను పక్కకి పోతా ఉంది. టాబ్ ఇయ్యి. చదువుకోవచ్చు, మనవరాల్ని చూడొచ్చు, ప్రవచనాలూ వినొచ్చు."

"టాబ్ కొంటే మీరింక పుస్తకం ముట్టరు టీచర్!" అన్నాడు కటువుగా.

"నువ్వు ముడతా ఉండావా?"

అతను సొరుగు లాగాడు. సొంతానికి ఉంచుకున్న ఈ-రీడర్ చార్జింగ్ లేక చచ్చి పడుంది. వైరు తగిలిస్తే నవల ముప్పయ్యెనిమిదో పేజీ దగ్గర తెరుచుకుంది. అదేం కథో కూడా గుర్తురాలేదు. పక్కనున్న ఫోన్లో మాత్రం, ఇందాక అతను చూస్తున్న వీడియోలో ఎవరో ఇద్దరు జుట్లు పట్టుకుని, అయిపోగానే మళ్లీ మొదట్నించీ కొట్టుకుంటున్నారు.

ఇన్నాళ్లూ జనం మీద ఉమ్మాలనుకున్న ఉమ్మి తన మొహానే పడినట్టయింది.

ఆమె ఈ-రీడర్ వెనక్కి తీసుకుని టాబ్ ఇచ్చి, అక్షరాలు పెద్దవి చేసుకోవడం చూపించి పంపాడు. ఈ-రీడర్లన్నీ తీసి అట్టపెట్టెలో పడేసి, ఆ చోట తళతళలాడే ఫోన్ కవర్లు పేర్చాడు. అంతలో వచ్చిన ఒక కుర్రవాడు బంగారు రంగు కవరు ఎత్తి, "ఇదన్నా సరుకంటే!" అన్నాడు.

విజయభాస్కర్‌కి వాడి మొహం చూడబుద్ధి కాలేదు. కౌంటర్ అద్దంలో తన మొహం అంతకన్నా చూడబుద్ధి కాలేదు.