నడి వరస

విషాద నాటకాల బృందానికి పాట నేర్పే ఎర్గీనస్‌వి పాము చెవులని ఏథెన్స్ అంతా చెప్పుకునేవారు. పదిహేను మంది ఒక్కసారిగా పాడుతుంటే, స్వరం తప్పినవాణ్ణి వెనక్కి తిరక్కుండానే పేరు పెట్టి పిలిచి తిట్టేవాడు. ముప్పై ఏళ్లు ఆ చెవుల మీదే బతికాడు. మహా మొండిఘటం. నిజం చెప్పాలంటే కాస్త పొగరుబోతు కూడానూ.

యుద్ధం ముదిరిన ఆ ఏడు కొడుకు ఫిలాగ్రస్‌కు ఇరవై నిండాయి. డయోనిసస్ దేవుడి ఉత్సవంలో ఆడి పాడే బృందానికి ఎంపికైనవాణ్ణి ఆ ఏడు యుద్ధానికి పిలవకూడదని చట్టం. ఎర్గీనస్ భార్య ఫానో ఆ చట్టాన్నే పట్టుకుని మొగుడి ప్రాణం తోడేసింది.

"పదిహేను మందిలో మన పిల్లాడొకడు. మీ చేతిలో పనేగా!"

"వాడి గొంతు విన్నావుగా, పగిలిన కుండ. దేవుడి ముందు ఆ గొంతు పెట్టమంటావా?"

"దేవుడు సర్దుకుంటాడు లెండి. మీరే సర్దుకోరు."

హాస్య నాటకాల బృందానికి పాట నేర్పే స్మికిథస్ అతనికి చిన్ననాటి నేస్తం. సంగతి తెలిసి తనంతట తనే వచ్చాడు.

"నా దగ్గర ఇరవై నలుగురుంటార్రా. ఈసారి అందరికీ పీతల వేషం. కుర్రాణ్ణి ఇటు పంపు. పీత పాట బాగోలేదని ఎవడేడుస్తాడు? ఇంకాస్త నవ్వుతారు."

"నా కొడుకు పొట్టకు గుడ్డలు చుట్టుకుని గెంతులేస్తాడా? ఛీ! నలుగురిలో నేను తలెత్తుకోవద్దూ?"

"ఒరేయ్, మీ నాటకాల్లో రాజులు సరిగ్గా ఇలా మాట్లాడే కొంప ముంచుకుంటారు" అన్నాడు స్మికిథస్. నవ్వుతూనే అన్నాడు గానీ, వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి కుర్రాడి భుజం తట్టాడు.

ఫిలాగ్రస్ యుద్ధానికి ఓడెక్కాడు. ఆ ఓడ తుపానులో మునిగింది. చలికాలంలో యుద్ధంలో పోయినవాళ్ల ఎముకలు పెట్టెల్లో ఊరేగించారు. శవం దొరకనివాళ్లందరికీ కలిపి ఒక్కటే ఒట్టి పాడె, పరుపు పరిచి మోశారు. ఫానో గుండెలు బాదుకుంటూ ఆ పాడె వెంట నడిచింది. ఆ తర్వాత మొగుడితో అవసరానికి మించి ఒక్క మాట మాట్లాడలేదు.

మళ్లీ ఎంపికల రోజులొచ్చాయి. ఉల్లికాడలు అమ్ముకునే నికో అనే విధవరాలు కొడుకు దెక్సియస్‌ను వెంటబెట్టుకొచ్చింది. వాడు నోరు తెరిచాడు. అబ్బే, పాట కాదది. మిగతా కుర్రాళ్లు కిసుక్కున నవ్వారు.

"వీడొక్కడేనయ్యా నాకు" అంది నికో. 

ఎర్గీనస్ కుర్రాణ్ణి పక్కకు తీసుకెళ్లాడు. బృందం మూడు వరసలుగా నడుస్తుంది. మేటి గొంతులు జనానికి దగ్గరగా ఉండే వరసలో, నాసిరకంవి నడిమి వరసలో.

"నడి వరసలో నిలబడు" అన్నాడు కుర్రాడితో. "అడుగు తప్పకు. నోరు మాత్రం మెదపకు. మాస్కు వెనక ఎవడు పాడుతున్నాడో కనబడదు."

కనబడకపోయినా ఒక గొంతు తగ్గినట్టు జనానికి వినబడుతుందనే అనుకున్నాడు. ముప్పై ఏళ్ల పరువు మట్టిలో కలుస్తుందని తెలిసే ఒప్పుకున్నాడు.

ఉత్సవం నాడు కొండవాలు నిండా జనం. నాటకంలో కొడుకును పోగొట్టుకున్న రాణి చుట్టూ బృందం తిరుగుతూ పాడింది. ఎర్గీనస్ చెవికి పద్నాలుగు గొంతులే వినిపించాయి. ఇప్పుడు అరుస్తారు, ఇప్పుడు బల్లలు తంతారు అని బిక్కుబిక్కుమంటూ చూశాడు. ఎవ్వరూ అరవలేదు. జనం ఏడ్చారు. న్యాయనిర్ణేతలు బహుమతి వాళ్లకే ఇచ్చారు. నాటకం రాసిన కవి పరుగున వచ్చి అతన్ని కావలించుకున్నాడు.

"ఇంత నిండుగా ఎన్నడూ పాడలేదయ్యా మనవాళ్లు!"

ఎర్గీనస్ అతని చేతులు విడిపించుకున్నాడు. విందుకు ఆగలేదు. తిన్నగా ఇంటికి వచ్చాడు. ఫానో రొట్టెలకు బార్లీ పిండి కలుపుతోంది.

"గెలిచాం" అన్నాడు.

ఆమె తలెత్తలేదు.

"పద్నాలుగు మందే పాడారే. ఒకణ్ణి ఊరికే నిలబెట్టాను. ఒక్కరికీ తెలియలేదు."

పిండిలో చేతులు ఆగిపోయాయి. నెలల తర్వాత ఫానో మొదటిసారి మొగుడి మొహంలోకి సూటిగా చూసింది.

"అయితే పోయినేడు కూడా తెలిసేది కాదుగా?"

ఎర్గీనస్ ఆమె పక్కనే నేల మీద కూర్చున్నాడు.

"తెలిసేది కాదు" అన్నాడు.